నేను చాయ్ అడిగింది దాహానికి కాదు

నాకు చాయ్ అంటే అసలు ఇష్టం లేదు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఈ మాట ఎవరికీ చెప్పలేదు. చెబితే నా పని సాగేది కాదు. సిరోంచా తాలూకాలో నేను తొక్కని గడప తక్కువ, తాగని చాయ్ తక్కువ. బెల్లం చాయ్ తాగాను, మేకపాల చాయ్ తాగాను, కొత్తలో పెర్మిలి వైపు అడవి ఊళ్ళలో పనిచేసినప్పుడు పాలు లేని నల్ల చాయ్ తాగాను. ఒక ఇంట్లో చక్కెర అనుకుని ఉప్పు పోశారు. అది కూడా "మస్తుగున్నది అత్తా" అంటూ గుటకలు మింగాను.

ఎందుకంటే చాయ్ పెట్టాలంటే అత్త లేచి వంటింట్లోకి పోవాలి. అత్త అటు పోతే తప్ప కోడలి నోట్లోంచి నిజం రాదు. పొయ్యి మీద నీళ్ళు మరిగేంత సేపే నా అసలు డ్యూటీ.

నేను నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. కాన్పులు చేశాను, టీకాలు వేశాను, అన్నీ చేశాను. కానీ మీలాంటి కొత్త నర్సు పిల్లలకు చెప్పదగ్గది ఒక్కటే ఉంది. కాన్పయిన తల్లి ఒళ్ళు మళ్ళీ కుదుటపడుతోందా లేదా అని ఇంటికి పోయి చూసే పని. కాన్పు చేయడం కంటే ఇది కష్టం. నొప్పులప్పుడు తల్లి అరిస్తే వాడంతా వింటుంది. ఆ తర్వాత వచ్చే బాధకు అరుపు ఉండదు. బిడ్డ బయటపడగానే ఇంట్లో అందరి కళ్ళూ బిడ్డ మీదికి పోతాయి. అప్పుడు తల్లిని చూడటానికి ఒక మనిషి కావాలి.

ఇప్పుడు నన్నెవరూ పిలవరు. పొద్దున లేస్తే చేతులు ఊరికే ఉంటాయి. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, పచ్చి బాలింత పొట్ట మీద మళ్ళీ చెయ్యి పెట్టాలని ఉంది. వేళ్ళ కింద గర్భసంచి వెలక్కాయలాగా గట్టిపడితే మనసుకు వచ్చే ఆ నెమ్మది కావాలని ఉంది. నవ్వుకుంటే నవ్వుకోండి. రిటైరైన మాస్టార్లకు బడి గుర్తొస్తుంది, నాకు పొట్టలు గుర్తొస్తాయి.

కుసుమ్‌తాయి

నాకు పని నేర్పింది కుసుమ్‌తాయి. మా పై అధికారి, వార్ధా వైపు మరాఠీ మనిషి. నోరు మహా చెడ్డది. తెలుగు ఒక్క ముక్క రాదు, అయినా సిరోంచా ఆడవాళ్ళు ఆమె ముందు కిక్కురుమనేవాళ్ళు కాదు. నేను చదివిన పుస్తకం మరాఠీలో ఉండేది, తల్లుల బాధ తెలుగులో ఉండేది, అడవిలోకి పోతే గోండీలో ఉండేది. ఈ మూడింటి మధ్య నేను తికమకపడుతుంటే ఆమె ఒకరోజు నా చెయ్యి పట్టి గుంజి చెప్పింది.

"తిచ తోండ నకో పాహూస్. తీ బస్తే కశీ తే పాహా."

దాని ముఖం చూడకు, అది కూర్చునేది ఎట్లాగో చూడు అని. కుట్లు చీము పట్టిన తల్లి ఒక పక్కకు ఒరిగి కూర్చుంటుంది. పిక్కలో రక్తం గడ్డకట్టిన తల్లి ఆ కాలు నేల మీద ఆనించి పెట్టదు. ఒంట్లో రక్తం లేని తల్లి లేచేటప్పుడు గోడ వెతుక్కుంటుంది. ముందు ఇవి చూడండి. ఆ తర్వాత నడుంకట్టు విప్పించి పొట్ట తడిమి చూడండి. గర్భసంచి రోజురోజుకూ కిందికి దిగుతోందా? పక్కకు జరిగి మెత్తగా తగులుతోందా? తగిలితే మూత్రం ఆపుకుంటోందేమో అడగండి. పోయే మైల రంగు చూడండి, వాసన చూడండి. ముక్కు మూసుకునేదానికి ఈ ఉద్యోగం వద్దు.

కుసుమ్‌తాయి ఇంకో మాట చెప్పేది. బాలింత చెప్పే మొదటి "మంచిగున్న" ఇంటివాళ్ళ కోసం, నీ కోసం కాదు. రెండోసారి అడుగు, అడిగి నోరు మూసుకుని కూర్చో. అడగందే అమ్మయినా పెట్టదంటారు. మా బాలింతలు అడిగినా ఒకసారికి చెప్పరు.

నా రెండో కాన్పు నాటికి కుసుమ్‌తాయి బదిలీ మీద పోయింది. పిల్ల ఇంకా నా పాలు విడవకముందే నేను సైకిలెక్కి ఊళ్ళకు తిరిగాను. మనుషులు లేరు, ఎవరో ఒకరు తిరగాలి. మా ఆయనకు బామ్నిలో వరిపొలమే లోకం. మంచివాడే, కానీ ఎద్దు కుంటితే కనిపెట్టినంత తొందరగా పెళ్ళాం కుంటితే కనిపెట్టలేడు.

ఫ్లాస్కు ఉన్న ఇల్లు

తాడిని తన్నేవాడు ఉంటే వాడి తలదన్నేవాడు ఉంటాడని సామెత. నా చాయ్ ఎత్తును చిత్తు చేసిన మనిషి హబీబ్‌బీ. సిరోంచా బజారులో వాళ్ళకు గాజుల దుకాణం ఉండేది. ఆమె కోడలు షమీమ్‌కు తొలి కాన్పు, ఆడపిల్ల పుట్టింది. దవాఖాన నుంచి ఇంటికి తెచ్చాక చూడటానికి పోయాను.

కుంపట్లో వాము పొగ, మూసిన కిటికీ, మంచం మీద షమీమ్. మంచం పక్కన ఎత్తు స్టూలు మీద హబీబ్‌బీ, చేతిలో జపం చేసుకునే తస్బీ పూసలు. ఆమె నాకంటే పెద్దది, నేను ఖాలా అని పిలిచేదాన్ని.

"ఎట్లున్నవ్ షమీమ్?"

"మంచిగున్న ఆపా."

సరే, అలవాటు ప్రకారం మొదలుపెట్టాను. "ఖాలా, జర చాయ్ పెడ్తవా?"

ఆమె స్టూలు మీది నుంచి లేవలేదు. మంచం కిందికి చెయ్యి పోనిచ్చి మూరెడు ఫ్లాస్కు బయటికి తీసింది. "చాయ్ తయారున్నది సిస్టరమ్మ. పొద్దుగాల్నే పోసి పెట్టిన."

"చేతులు కడుక్కోవాలె. వేడినీళ్ళు తెస్తవా?"

"కుంపటి మీద కాగుతున్నయ్ సూడు, నీ ఎన్కనే."

"సబ్బు?"

"గూట్లె ఉన్నది. ఇంకేం గావాలె చెప్పు. నువ్వొస్తవని అన్ని ఈడ్నే తెచ్చి పెట్టిన."

నా ముఖం చూసి షమీమ్ దుపట్టా నోటికి అడ్డం పెట్టుకుని కిసుక్కున నవ్వింది. నవ్వి, వెంటనే అబ్బా అని ముడుచుకుపోయింది. ఒక పక్కకు ఒరిగింది.

"నవ్వితే నొప్పి వెడ్తే మంచిగున్నట్టెట్ల?" అని అడిగాను.

షమీమ్ అత్త వైపు చూసింది. హబీబ్‌బీకి కోపం వచ్చింది. "నన్నేం జూస్తున్నవ్? చెప్పు! నేనేమన్న పరాయిదాన్నా?"

చివరికి అత్త కూర్చునే ఉండగా పరీక్ష చేశాను. గర్భసంచి బాగానే దిగుతోంది, మైల రంగు బాగుంది. ఒక కుట్టు తెగి చీము పట్టింది. ఆ సాయంత్రమే డాక్టరుకు చూపించమన్నాను, గోరువెచ్చని నీళ్ళ తొట్టిలో కూర్చోమన్నాను. నొప్పి తగ్గాక చేయాల్సిన పని కూడా చెప్పాను. కాన్పులో వదులైన కండ బిగుసుకోవాలంటే అది తప్పదు.

"పిషాబ్ వస్తుంటె ఆపుకుంటం గద, గట్ల లోపటికి గుంజి పట్టు. జర సేపు ఆపు. ఇగ ఇడువు. మల్ల గుంజు."

షమీమ్ సిగ్గుతో తల వంచుకుని వింటోంది. నేనెందుకో పక్కకు చూశాను. హబీబ్‌బీ చేతిలో తస్బీ ఆగిపోయి ఉంది. కళ్ళు మూసుకుంది, పెదాలు బిగబట్టింది, భుజాలు పైకి లేచాయి. "ఇడువు" అన్నాను. భుజాలు దిగాయి. "గుంజు" అన్నాను. మళ్ళీ లేచాయి.

నాకు ముందు నవ్వొచ్చింది. మరుక్షణం అర్థమైంది. ఈ ముసలామె గది వదలనిది కోడలికి కాపలాగా కాదు. తన కోసం వింటోంది.

మోకాళ్ళ నొప్పి

మళ్ళీ పోయేసరికి షమీమ్ లేచి తిరుగుతోంది. కుట్టు మానింది, నడక తేలికపడింది. నేను కూర్చోగానే హబీబ్‌బీ కోడలిని కేకేసింది.

"షమీమ్, సిస్టరమ్మకు చాయ్ పెట్టుకరాపో."

"ఫ్లాస్కుల ఉన్నది గద అమ్మీ?"

"అది చల్లగైంది. తాజాగ పెట్టు. అల్లం దంచెయ్యి, ఇలాచీ దంచెయ్యి. ఆరాంగ పెట్టు, తొందరేం లేదు."

షమీమ్ పోయాక నేను ఫ్లాస్కు మూత తీశాను. ఆవిరి నా కళ్ళద్దాల మీదికి కొట్టింది. హబీబ్‌బీ అటు తిరిగి కూర్చుని గోడతో మాట్లాడుతున్నట్టు మొదలుపెట్టింది.

"మా గల్లీల ఒకామె ఉన్నది సిస్టరమ్మ. ఆమెకు లోపటిది కిందికి జారొస్తది. ఇరవై ఏండ్లాయె."

"ఆమె దగ్గితె పిషాబ్ పడ్తదా?"

"పడ్తది."

"ఆమె స్టూలు మీద కూసోని నమాజ్ చేస్తదా?"

హబీబ్‌బీ నా వైపు తిరిగింది. వాళ్ళింట్లోనే కాదు, వాడంతా హబీబ్‌బీకి మోకాళ్ళ నొప్పులనే అనుకునేవాళ్ళు. ఆమె నమాజు ఎత్తు స్టూలు మీదే.

"నా మోకాళ్ళకు ఏం రోగం లేదు," అంది. "వంగితె కారుతది. వజూ పోతది. ఒళ్ళు పాక్ లేనిది నొసలు ఎట్ల పెట్టాలె? మౌలానాసాబ్‌ను అడిగె ముచ్చటనా ఇది? మూడోది పుట్టి ఇంక నెల కాలే, గాజుల గంప నెత్తికెత్తుకోని ఊర్లు తిరిగిన. గప్పటి సంది గింతే. నాకు బంగారం వద్దు, ఏం వద్దు సిస్టరమ్మ. సచ్చెలోపట ఒక్కసారి మంచిగ సజ్దా చెయ్యాలె. నొసలు భూమికి ఆన్చాలె."

నమాజుకు ముందు కాళ్ళూ చేతులూ కడిగి చేసుకునే శుద్ధిని వజూ అంటారు. అది చెడిపోతుందన్న భయంతో ఆమె ఇరవై ఏళ్ళు ఎవరికీ చెప్పకుండా స్టూలు మీద కూర్చుంది. "ఎవరికన్న చెప్పరాదా ఖాలా?" అన్నాను. "అడిగినోళ్ళెవరు?" అంది.

అహేరికి ఒక లేడీ డాక్టరు వచ్చేది. మోకాళ్ళు చూపించుకొస్తామని చెప్పి ఇద్దరం సర్కారు ఎస్టీ బస్సెక్కాం. కొడుకు నేనూ వస్తానంటే హబీబ్‌బీ ఒక్క కసురు కసిరింది, "దుకాణం జూస్కో పో!" ఆ రోడ్డు సంగతి మీకు తెలుసు. బస్సు గుంతలో పడినప్పుడల్లా నా చెయ్యి గట్టిగా పట్టుకునేది. ఆమె వేళ్ళలో ఎంత బలమో. పోయేదాకా ఒకటే ప్రశ్న, "కోస్తదా? కోస్తె నేను దిగిపోత."

కొయ్యలేదు. జారిన గర్భసంచిని పైకి నిలబెట్టే రింగు ఒకటి లోపల పెట్టింది. కొన్ని నెలలకోసారి దాన్ని తీసి కడిగి మళ్ళీ పెట్టాలని నాకు చూపించింది. కండ బిగించే వ్యాయామం మానొద్దని చెప్పింది. హబీబ్‌బీ మంచం దిగి అటూ ఇటూ నడిచింది, దగ్గి చూసుకుంది, మళ్ళీ దగ్గింది. తర్వాత డాక్టరమ్మ ముందు చెయ్యి చాపింది.

"మోకాళ్ళ నూనె ఒక సీస ఇయ్యి బేటీ. ఉత్త చేతుల్తోని ఇంటికి వోతె నా కొడుకు సవాళ్ళు అడుగుతడు."

డాక్టరమ్మ నవ్వలేక చచ్చింది, నూనె మాత్రం ఇచ్చింది. ఆ సీసా చేసిన హడావిడి ఇంతా అంతా కాదు. "ఇరవై ఏండ్ల నొప్పి ఒక్క సీసతోని పోయింది" అని కొడుకు బజారంతా చెప్పాడు. గల్లీలో ముసలివాళ్ళందరూ నూనె కోసం అహేరికి బస్సెక్కారు. కొందరికి తగ్గింది కూడా.

కొన్ని రోజులు పోయాక ఒక సాయంత్రం నేను వాళ్ళ వంటింట్లో ఉన్నాను. పొయ్యి మీద మిరపకాయలు మాడి ఘాటు కమ్మింది. నాకు దగ్గొస్తే ఏదో ఒకటి పట్టుకుని నిలబడటం అలవాటు, గుమ్మం పట్టుకుని దగ్గుతున్నాను. బయట అసర్ అజాన్ వినిపించింది. ముందుగదిలో హబీబ్‌బీ స్టూలు పక్కకు జరిపి చాప పరిచింది. నిలబడింది, వంగింది, మోకాళ్ళ మీదికి దిగింది. నొసలు నేలకు ఆనించింది.

ఆనించింది, లేవలేదు. షమీమ్ బిడ్డను చంకలో వేసుకుని భయంగా నా దగ్గరికి వచ్చింది. "ఆపా, అమ్మీ లేస్తలేదు."

"ఉండనీ బిడ్డా," అన్నాను. నాకు ఏడుపు ఆగలేదు. మిరపకాయల ఘాటని చెప్పుకున్నాను.

వంటింటి చాయ్

అప్పటి నుంచి నేను పని తీరు మార్చాను. ముందుగదిలో చాయ్ తాగడం మానేశాను. కోడలిని చూడటం అయ్యాక గ్లాసు కోసం నేనే వంటింట్లోకి పోయేదాన్ని. పొయ్యి ముందు పీట వేసుకుని, "అత్తా, నీ సంగతేంది?" అని అడిగేదాన్ని. మొదట అందరూ మంచిగున్న అనేవాళ్ళు. రెండోసారి అడిగి, కుసుమ్‌తాయి చెప్పినట్టు నోరు మూసుకునేదాన్ని. బాలింత అంటే కాన్పయి నెలన్నర దాటని తల్లి అని పుస్తకం చెబుతుంది. ఎన్నేళ్ళయినా ఎవరూ చూడని బాలింతలు ఆ పొయ్యిల ముందు కూర్చుని ఉండేవాళ్ళు.

ఆ వంటిళ్ళ మీదే ఇప్పుడు నా బెంగంతా. తడి కట్టెల పొగ, మసి గిన్నె, చాయ్ వడగట్టే బట్ట, గొంతు తగ్గించి మాట్లాడే ఆడవాళ్ళు. చక్కెర ఎక్కువైన ఆ చాయ్ మీద కూడా బెంగే. హబీబ్‌బీ రింగు కోసం ఏళ్ళ తరబడి ఆ ఇంటికి పోయాను. "మోకాళ్ళు జూస్తవా సిస్టరమ్మ" అని గల్లీ చివరి నుంచే కేకేసేది. ఆమె పోయాక ఆ గల్లీలోంచి పోవడం మానేశాను. ఆ కేక వినపడకపోతే నా కాళ్ళు ముందుకు సాగవు.

రుక్సార్

ఈమధ్య షమీమ్ ఫోన్ చేసింది. నేను ఆనాడు చూడటానికి పోయిన పసిబిడ్డ రుక్సార్‌కు ఇప్పుడు బిడ్డ పుట్టింది. తొలి కాన్పు, పుట్టింట్లోనే ఉంది. "నువ్వు రావాలె ఆపా" అంది.

పోయేసరికి కొత్త సిస్టర్ అక్కడే ఉంది. చురుకైన పిల్ల. బీపీ చూసింది, బిడ్డను తూచింది, మాత్రలిచ్చింది, ఫోన్‌లో ఏదో కొట్టుకుంది. "సబ్ ఠీక్?" అని అడిగింది. రుక్సార్ తల ఊపింది. షమీమ్ చాయ్ తాగి పొమ్మంటే "నకో కాకూ, టైం నాహీ" అని స్కూటీ ఎక్కింది. ఆ పిల్ల తప్పేం లేదు. ఆమె నెత్తిన ఎన్ని ఊళ్ళో. టైం లేకే చాయ్ వద్దంది. కానీ చాయ్ వద్దంటే తల్లి గదిలోంచి కదలదు, తల్లి ఉంటే కూతురు నోరు విప్పదు. ఇది ఏ ట్రైనింగులోనూ చెప్పరు, అందుకే మీకు చెబుతున్నాను.

రుక్సార్ గోడ వైపు ఒరిగి కూర్చుని ఉంది. నాకు కనిపిస్తూనే ఉంది. కానీ నేనిప్పుడు ఎవరిని? చూడటానికి వచ్చిన చుట్టాన్ని. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

షమీమ్ నా వైపు చూసింది, కూతురి వైపు చూసింది, లేచింది. "నేను చాయ్ పెట్టుకొస్త ఆపా. అల్లం దంచాలె, జర ఆలస్యమైతది." పోతూ పోతూ తలుపు దగ్గరికి వేసింది.

చేతులు కడుక్కున్నాను. చల్లగా ఉంటే పిల్ల ఉలిక్కిపడుతుందని అరచేతులు రుద్దుకున్నాను. పొట్ట మీద చెయ్యి పెట్టాను. గర్భసంచి పైకి, కొంచెం కుడి పక్కకు జరిగి ఉంది, మెత్తగా ఉంది.

"ఎట్లున్నవ్ బిడ్డా?"

"మంచిగున్న నానీ."

"ఇంకోసారి చెప్పు."

కళ్ళ నిండా నీళ్ళు తిరిగాయి. "పిషాబ్‌కు పోవాలంటె మంట. భయమైతది. పొద్దటి సంది పోలే."

లేపి, పట్టుకుని తీసుకుపోయాను. గోరువెచ్చని నీళ్ళు పోస్తూ కూర్చోబెట్టాను. వెళ్ళింది. మంట తగ్గకపోతే డాక్టరుకు చూపించాలని చెప్పాను. మళ్ళీ పడుకోబెట్టి చెయ్యి పెట్టి చూస్తే గర్భసంచి మధ్యకు వచ్చింది, దిగింది, నా వేళ్ళ కింద గట్టిపడింది. ఆ చెయ్యి తీయబుద్ధి కాలేదు. నేను కోరుకున్నది ఇదే. ఇంతటితో సంతోషంగా ఇంటికి పోవచ్చనుకున్నాను.

"ఆపా, చాయ్ ఈడ్నే పోసిన," వంటింట్లోంచి షమీమ్ పిలిచింది.

ఇప్పుడు గ్యాసు పొయ్యి, పొగ లేదు. అల్లం ఘాటుకు మాత్రం దగ్గొచ్చింది. గుమ్మం పట్టుకుని దగ్గాను. షమీమ్ కుర్చీ జరిపి నన్ను కూర్చోబెట్టింది. ఎదురుగా తను కూర్చుంది.

"నువ్వెట్లున్నవ్ ఆపా?"

"నాకేంది? మంచిగున్న."

కప్పు నా చేతికి ఇవ్వలేదు. తన దగ్గరే పెట్టుకుంది.

"దగ్గొస్తె నువ్వు గుమ్మం పట్టుకుంటవ్. కాళ్ళు దగ్గరికి తీస్కుంటవ్. అమ్మీ ఎప్పుడో జూసింది. పోయెముంగట నాతోని చెప్పింది, సిస్టరమ్మను ఒకరోజు కూసోబెట్టి అడుగు, ఆమె ఉట్టిగ అడిగితె చెప్పది, చాయ్ వెట్టి అడుగు అని."

నేను కప్పు వైపు చూశాను. దాని మీద మీగడ కడుతోంది.

"ఎట్లున్నవ్ ఆపా?" అంది మళ్ళీ. అని నోరు మూసుకుని కూర్చుంది.

"రెండోది పుట్టినప్పటి సంది, షమీమ్," అన్నాను.